ఎర్రచుక్క, పసుపు చొక్కా

నా రాతబల్ల మీద రెండు రెడ్ డాట్ సైట్లు చచ్చి పడి ఉన్నాయి. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా బరువుకి పెట్టుకున్నానని ఇంటికొచ్చిన వాళ్లతో అంటుంటాను. అది అబద్ధం. కోపం చల్లారిపోకుండా ఉండడానికి పెట్టుకున్నాను. ఒకదానికి అద్దం ఊడింది, రెండోదానికి లోపలి దీపం ఆరిపోయింది. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను: రెడ్ డాట్ సైటంటే బొటనవేలు దూరేంత గొట్టం. తుపాకీ వీపు మీద బిగించి లోపలికి చూస్తే ఎర్రచుక్క ఒకటి కనిపిస్తుంది. ఆ చుక్క దేని మీద నిలబడితే గుండు దానికి తగులుతుంది. ఆ ఒక్క పని కోసం పుట్టిన వస్తువు నా స్ప్రింగు తుపాకీ మీద నెల రోజులు బతకలేకపోయింది. మా వీధిలో జీడిపిక్కలు కొట్టే ముసలమ్మ చేతిలో ఒక కర్ర ఉంది. దానికి నా వయసుంటుంది. సరే, నా వయసు కాదు, మా పెద్దబ్బాయి వయసు. అయినా ఆ కర్ర ఇవాళ్టికీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిక్కలు పగలగొడుతూనే ఉంది. ఈ గొట్టాలేమో పెట్టెలోంచి తీసినప్పుడు పెళ్లికొడుకుల్లా మెరిసి, పని మొదలుపెట్టగానే మూలపడ్డాయి.

ఇంత వయసులో నాకు తుపాకీతో పనేమిటని అడుగుతారు. మాది ఉద్దానంలో జలంత్రకోట దగ్గర కొబ్బరీ జీడీ తోటల ఊరు. మా తోట దాటి ఇసకదిబ్బ ఎక్కి దిగితే నా చిన్ననాటి నేస్తం, జాలరి దండాసి వాళ్ల రేవు. ఏటా అక్కడ అమ్మోరి సంబరం ఆఖరి రోజున సరుగుడు గుంజకి ఒక మట్టి పిడత వేలాడదీస్తారు. దాని నిండా పసుపు నీళ్లు. కింద ఇసకలో వలలు పరుస్తారు. మా ఇంటి పెద్ద గాలి తుపాకీతో ఆ పిడతని కొట్టాలి. అది పగిలి పసుపు నీళ్లు వలల మీద పడ్డాకే పడవలు కదులుతాయి. మూడు దెబ్బలు మాత్రమే. ఈ హక్కు మా ముత్తాతకి రాజుగారు రాసిచ్చారని నేను చాలామందికి చెప్పాను, ఒకసారి మైకులో కూడా చెప్పాను. ఏ రాజూ ఏమీ ఇవ్వలేదు. వెనకటి రోజుల్లో రేవు వాళ్లే రాళ్లు విసిరి పగలగొట్టుకునేవాళ్లు. మా పెదనాన్న తుపాకీ కొన్నాక, తుపాకీ ఉన్నవాడు ఉండగా రాళ్లెందుకని ఆయన్ని పిలిచారు. హక్కంటే అంతే. కానీ ఆ పిలుపు ఆయన తర్వాత నాకొచ్చింది, నేను దాన్ని ఇంతకాలం మోశాను. దాన్ని నా చేతుల్లోంచి లాక్కోబోయారు. ఇది రాయడం అందుకే.

పెదనాన్న ఆరున్నర అడుగుల మనిషి, తలపాగాతో కలిపి. ఆ తుపాకీ జర్మనీలో చేసిందనీ, బరంపురంలో ఒక దొర వెళ్లిపోతూ ఆయన చేతిలో పెట్టి కళ్లనీళ్లు పెట్టుకున్నాడనీ మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా వచ్చు. నిజానికి బరంపురం సంతలో పాత ఇనప సామాన్ల మధ్య దొరికింది. దాని మీద అక్షరాలు అరిగిపోయి ఉండేవి, కాబట్టి దేశం మేమే ఎంచుకున్నాం. మధ్యకి విరిచి, గుండు పెట్టి, మళ్లీ మూస్తే లోపలి స్ప్రింగు బిగుసుకునేది. మందూ లేదు, నిప్పూ లేదు, ఉత్త గాలి. తోటలో కాకుల్ని బెదిరించడానికీ సంబరానికీ తప్ప అది మేకు మీంచి దిగేది కాదు, శుక్రవారం ఒక్కటి మినహాయించి.

శుక్రవారం పొద్దున్న సోళ్ల అంబలి, అంటే రాగి అంబలి, తాగి, మూతి తుడుచుకుని, పెదనాన్న పెరటి అరుగు మీద గోనెపట్టా పరిచేవాడు. గానుగ నుంచి తెచ్చిన కొబ్బరినూనె చిన్న ఇత్తడి గిన్నెలో, పక్కన ఒక కోడి ఈక. వేసవైతే గాలినిండా జీడిపండ్ల పులుపు, రేవు వైపు నుంచి ఎండుచేప వాసన, ఈ రెండింటి మీదా నూనె కమ్మదనం పరుచుకునేది. ఈకని ముంచి ముందు చెక్కకి రాసేవాడు, తర్వాత గొట్టానికి. చివరికి తుపాకీని విరిచి, గాలి వచ్చే కన్నంలో రెండంటే రెండు చుక్కలు విడిచేవాడు. లోపల గాలిని తోసే ముషలానికి, అదే పిస్టనుకి, తోలు వాషరుండేది, ఆ నూనె దానికి. "తోలుకి దాహమేత్తాదిరా," అనేవాడు. "మనకి అంబలి, దానికి నూనె. తాగనీ." వేసిన నూనె నిజంగానే తోలు తాగేసేది, మర్నాటికి కన్నంలో వేలుపెడితే తడి ఉండేది కాదు. మా నాయనమ్మ గుమ్మంలో కూర్చుని అడ్డపొగ కాల్చేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పొగ ముక్కులోంచి వదులుతూ, అదే నోటితో కొడుకుని దెప్పేది. "పెల్లానికి ఒక్కనాడు తలకి నూనె రాసినోడివి కావు. ఆ కర్రకి రాత్తన్నావు. అది నీకు అన్నమొండి పెడతాదేటి?" పెదనాన్న తల ఎత్తకుండా, "అది నోరెత్తదే అమ్మా," అనేవాడు. లోపల్నించి మా పెద్దమ్మ గిన్నె ఒకటి గట్టిగా కింద పెట్టేది. జవాబు అదే.

నాకు గురి నేర్పింది ఆయనే. మొదటిసారి తుపాకీని పారిపోయే మేకని పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకున్నాను. నెత్తిమీద ఒక్కటిచ్చాడు. "పట్టుకోకురా. మొయ్యి. పసిగుడ్డు తల కింద సెయ్యెట్టినట్టు. ఇది ఒకసారి ఎనక్కి తంతాది, ఎంటనే ముందుకి తంతాది. రెండు తన్నులు. ఎగరనీ. నువ్వు బిగబట్టినావంటే అలిగి పక్కకెల్తాది." స్ప్రింగు వెనక్కి నెడుతుంది, ముషలం చివర తగిలి ముందుకి లాగుతుంది అని పుస్తకాల్లో చదువుకున్నది చాలా తర్వాత. అప్పటికి నాకు తెలిసింది తన్నే మేకని తన్ననివ్వాలని మాత్రమే. ఆ తర్వాత నేను ఎగిరే తూనీగ రెక్క మీద గుండు పెట్టేవాడిని. పెట్టలేదు. గోడ మీద బొగ్గుతో గీసిన తూనీగ మీద పెట్టాను, అది కూడా మధ్యాహ్నం దాకా పట్టింది.

సంబరం రోజున ఆయన ఉతికిన తెల్ల చొక్కా తొడుక్కునేవాడు. రేవులో జనం పక్కకి తప్పుకునేవాళ్లు, పిడత వెనక ఇసకదిబ్బ తప్ప ఇంకేమీ ఉండకూడదని దండాసి వాళ్ల నాన్న కర్ర పట్టుకుని అందర్నీ తోలేవాడు. అప్పుడు పెదనాన్న నడుచుకుంటూ వెళ్లి, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగి, కాలి మడమతో ఇసకలో గీత గీసేవాడు. ఆ గీత మీద నిలబడి కొట్టేవాడు. వంద గజాల నుంచి కొట్టేవాడని నేను మా పిల్లలకి చెప్పాను. వంద కాదు. మొదట్లో ఒక పడవ పొడవుకి రెండింతలుండేదేమో. ఏళ్లు గడిచినకొద్దీ ఆ గీత పిడతకి దగ్గరవుతూ వచ్చింది. అందరూ చూస్తూనే ఉన్నారు. ఒక్కరు కూడా నోరెత్తలేదు. ఆయన కళ్లలో పొర కమ్ముతోందని రేవులో పసిపిల్లకి కూడా తెలుసు. ఆఖరి ఏళ్లలో ఆయన ఎంత దగ్గర నిలబడేవాడంటే, పిడత పగలగానే నీళ్లు వలల మీద సగం, ఆయన మీద సగం పడేవి. తలపాగా నుంచి పంచె దాకా పసుపు కారుతూ, తుపాకీని చంకలో పెట్టుకుని, పెళ్లికొడుకులా తోటలోంచి నడిచొచ్చేవాడు. మా పెద్దమ్మ ఆ చొక్కాని ఉతికేది కాదు. వీధివైపు దండెం మీద ఆరేసేది. దారిన పోయేవాళ్లు దాన్ని చూసి, దెబ్బ తగిలిందని తెలుసుకుని, దండం పెట్టుకుని పోయేవాళ్లు. ఆ తర్వాత నా చొక్కాలూ అదే దండెం మీద పసుపుగా ఆరాయి. నేను ఉద్యోగరీత్యా ఇప్పుడున్న ఈ కాశీబుగ్గకి మారాక మా ఆవిడ ఇక్కడి దండెం మీద ఆరేసింది. నా గీత కూడా ఏటికేడాదీ ముందుకి జరిగింది. ఒప్పుకుంటున్నాను, నాకది నేర్పింది కూడా పెదనాన్నే.

కిందటేడు సంబరానికి వెళ్లేసరికి గీత ముందే గీసి ఉంది. సున్నంతో, తాడు కట్టి, టేపుతో కొలిచి, క్రికెట్ ఆటకి గీసినట్టు. కొత్త కమిటీ వాళ్లంతా ఒకే రంగు టీషర్టుల్లో నిలబడ్డారు. వాళ్లకి పెద్ద మా తమ్ముడి కొడుకు కనకరాజు.

"ఇదేటిరా?" అన్నాను.

"గీత, పెదనాన్నా. ఈ ఏటి నుంచి ఇక్కడే నిలబడాల. వీడియో తీత్తన్నాం. నువ్వు పిడత కిందకెల్లి కొడితే సూసే జనం నవ్వుతారు."

"ఏ జనం?"

"ఫోన్లో జనం."

"ఆలకి వలలున్నాయేటిరా?"

వాడు నవ్వాడు, వాడితోపాటు టీషర్టులన్నీ నవ్వాయి. అక్కణ్ణించి పిడత నాకు ఒక మసకలా కనిపించింది. ఇనప సైటుతో గురి చూడాలంటే చూపు మూడు చోట్ల నిలవాలి: వెనక గాడి, గొట్టం చివర మొన, దూరాన గురి. కుర్రకన్ను మూడింటి మధ్యా పరిగెడుతుంది. నా కన్ను ఒకచోట కూర్చుంటే లేవదు. మూడు గుళ్లూ దిబ్బలోకి వెళ్లాయి. కనకరాజు అల్యూమినియం నిచ్చెన తెప్పించి, ఎక్కి, కర్రతో పిడతని పగలగొట్టాడు. నీళ్లు పడ్డాయి, వలలు తడిశాయి, పడవలు వెళ్లాయి. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. నాకు మండింది అందుకే. నేను లేకపోయినా ఏమీ ఆగదని నిచ్చెన వేసి మరీ చూపించాడు.

దిగొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "వచ్చే ఏడు టెక్కలి నుంచి ఒక కుర్రోడిని తెత్తాం పెదనాన్నా. తుపాకీ నేర్సుకున్నోడు. నువ్వు ముందర కుర్సీలో కూకో. సాలువా కప్పుతాం."

"నీ సాలువా ఎల్లి ఆ నిచ్చెనకి కప్పు."

"కోపమెందుకు? సరే, నువ్వే కొట్టు. ఆ గీత మీంచే కొట్టాల. తగిలితే నీ బతుకంతా ఈ పిడత నీదే. తగల్లేదంటే తుపాకీ నాకిచ్చీ."

జనం వింటుండగా అన్నాడు. జనం వింటుండగానే ఒప్పుకున్నాను.

ఆ ఏడాదంతా నేను ఇంకో పని చేయలేదు. ముందు తుపాకీని బరంపురం తీసుకెళ్లి బాగుచేయించాను. మెకానిక్ పాత స్ప్రింగూ, చివికిపోయిన తోలు వాషరూ తీసేసి కొత్తవి వేశాడు. ఇస్తూ నూనె గురించి ఏదో చెప్పబోయాడు. మా ఇంట్లో శుక్రవారం శుక్రవారం నూనె పెడుతూ పెరిగినవాణ్ణి, నాకు చెప్పేదేమిటని ఆటో ఎక్కేశాను. తర్వాత సైటు. మొదటిది కాశీబుగ్గలో మొబైల్ ఫోన్ల కొట్టులో అద్దాల వెనక కనిపించింది. "తుపాకీదేనా ఇది?" అంటే కొట్టువాడు "పెద్ద పెద్ద తుపాకీలకే పెట్టుకుంటారండీ," అన్నాడు. వారం రోజులు మా పెరట్లో కొబ్బరి డొక్కలు నా ముందు వణికాయి. తర్వాత ఒక పొద్దున తుపాకీ పేలగానే ముందు అద్దం ఎగిరి తులసికోటలో పడింది. రెండోది ఆన్‌లైనులో తెప్పించాను. అది రోజూ కొద్దికొద్దిగా వెనక్కి జారేది. నేను మర బిగించేవాణ్ణి, అది జారేది. ఆఖరికి చుక్క రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది. వాపసు తీసుకోమని ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎంతో మర్యాదగా, ఆడుకునే తుపాకీ మీద పెట్టారా అని అడిగింది. ఆ మాటకి నేను ఏమన్నానో ఇక్కడ రాయను. చాలా గొప్పగా అన్నాననుకునేరు. ఏమీ అనలేదు, ఫోన్ పెట్టేశాను.

చివరికి విశాఖపట్నంలో తుపాకుల దుకాణం ఆయన ఫోన్‌లో దొరికాడు. ఆయన సావకాశంగా చెప్పాడు. "పెద్ద తుపాకీ వెనక్కి మాత్రమే తంతుంది సార్. దానికోసం చేసిన సైటు వెనక తన్నుకే తట్టుకుంటుంది. మీ స్ప్రింగుది రెండు వైపులా తంతుంది. ముందుకి లాగే తన్నే అద్దాలు ఊడగొట్టేది." పెదనాన్న నెత్తిమీద కొట్టి చెప్పిన మాటే, డెబ్బై దాటాక మళ్లీ డబ్బులిచ్చి వింటున్నాను. ఆయన ఇంకోటి అడిగాడు. "పేలినప్పుడు పొగ వస్తోందా సార్? శబ్దం టపాసులా ఉందా?" పొగా గిగా ఏమీ లేదన్నాను. వస్తోంది. నీలంగా, గుండు వేసిన ప్రతిసారీ. నా తుపాకీకి కొత్త బలం వచ్చిందని నేను మురిసిపోతున్నాను, అది బయటివాడికి చెప్పడం దేనికని దాచాను.

ఆ మధ్యాహ్నమే దండాసి వచ్చాడు. మేమిద్దరం ఒకే ఈడు, ఒకరినొకరు బావా అనుకుంటూ పెరిగాం. ఇప్పుడు ఆయన కిడ్నీల కోసం మా పక్కనే ఉన్న పలాస ఆసుపత్రికి వస్తాడు, డయాలిసిస్ మిషన్ మీంచి దిగాక బస్సు వేళ దాకా మా అరుగు మీద నడుం వాలుస్తాడు. మా వైపు ఏ వీధిలో చూసినా అలా వచ్చిపోయేవాళ్లున్నారు, దాని గురించి కొత్తగా ఎవరూ మాట్లాడరు. నాకు మాత్రం ఆ సూది గుచ్చిన చేతిని చూసినప్పుడల్లా ఎవరి గొంతు పట్టుకోవాలో తెలియని కోపం వస్తుంది. ఆ రోజు ఆయనకి సైట్ల బొమ్మలు ఫోన్‌లో చూపించి ఏది కొనమంటావన్నాను.

"నాకేటి తెలుసు బావా. ఏది మన్నుతాదో అది కొను."

"ఎన్నాళ్లు మన్నాలేటి?"

"నాకంటే ఒక్క సంబరం ఎక్కువ మన్నితే సాల్లే." నవ్వాడు. "నన్ను సూడు. వారానికి రెండుసార్లు రగతం ఉతికి ఆరేత్తన్నారు. మాసిన సొక్కా కంటే ఎక్కువ మన్నుతున్నాను."

నేను తుపాకీ అందుకున్నాను. పెరట్లోకి వెళ్లి, కొబ్బరి డొక్క మీద కోపమంతా పెట్టి ఒక గుండు పేల్చాను. వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో బయటికొచ్చింది.

"ఏటండీ, తుపాకీలో వడియాలేంపుతున్నారా?"

"ఏంటా మాట?"

"కొబ్బరినూనె మాడిన వాసన. వారం నుంచీ సూత్తన్నాను. నా పొయ్యి మీద బాండీ లేదు, ఇల్లంతా వాసన. పైగా నా నూనె సీసా కిందకి దిగిపోతంది."

అరుగు మీంచి దండాసి కూడా మా ఆవిడ వైపు తిరిగి ముక్కెగరేశాడు. "నిజమే అప్పా. ఆకలేత్తంది."

నేను తుపాకీని విరిచి కన్నంలో వేలు పెట్టాను. వేలు తడిగా, జిడ్డుగా బయటికొచ్చింది. శుక్రవారం వేసిన నూనె మంగళవారానికి కూడా అక్కడే ఉంది. నాకు అప్పుడు వెలిగింది. పాత వాషరు తోలు. నూనె తాగేది, మెత్తబడేది. బరంపురంవాడు వేసింది ప్లాస్టిక్. దానికి దాహం లేదు. నూనె తాగదు, పక్కకి నెట్టి నిలవేస్తుంది. గాలి అదిమినప్పుడు పుట్టే వేడికి ఆ నూనె లోపలే భగ్గుమంటోంది. పొగ అదే, టపాసు చప్పుడు అదే, నేను మురిసిపోయిన కొత్త బలం అదే. రెండు తన్నుల తుపాకీని నా చేత్తో నాలుగు తన్నుల తుపాకీ చేసి, దాని వీపు మీద గాజు సామాను కట్టి, పగిలిందని ఊళ్లో వాళ్లందరినీ తిట్టాను. మొబైల్ కొట్టువాణ్ణి నేను తిట్టిన తిట్లలో సగం వెనక్కి తీసుకోవాలి. సగమే. పెద్ద తుపాకీ సైటు నాకు అంటగట్టినందుకు మిగతా సగం వాడి దగ్గరే ఉండనీ.

తప్పు తెలిసినంత మాత్రాన కోపం పోదు. ఇంకా పెరిగింది. పెదనాన్న చేతిలో అదే నూనె, అదే ఈక, అదే రెండు చుక్కలు ఒక తుపాకీని ఆయన బతికినంత కాలం నిలబెట్టాయి. ఆ వస్తువుకి ఆకలి దాహం ఉండేవి కాబట్టి వారానికోసారి దాని పక్కన కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడొచ్చేవాటికి మనతో ఏ పనీ లేదు. ప్రేమగా ఏదన్నా పెడితే లోపలే మండిపోతాయి. నూనె లేకుండా బతుకుతాయి, కానీ ఎన్నాళ్లో చెప్పవు.

గుడ్డలతో, పుల్లలకి చుట్టిన దూదితో రెండు రోజులు ఆ నూనెంతా తుడిచాను. గిన్నె కడిగి మా ఆవిడకి ఇచ్చేశాను. విశాఖ ఆయనకి మళ్లీ ఫోన్ చేసి పొగ సంగతి చెప్పాను. నవ్వలేదు, మంచివాడు. ఈసారి మెరుపు చూడలేదు. ఒంటి ముక్క లోహంతో పోసిన మూసిన గొట్టం, లోపలికి దిగి కూర్చున్న గాజు అద్దాలు, తన్నుకి ఊడిపోకుండా మరతో బిగిసే బ్యాటరీ మూత, వీలైనంత తక్కువ బరువు. అన్నిటికంటే ముఖ్యం, సైటు కింది బిగింపులో చిన్న ఇనప మొన ఒకటుండి, అది తుపాకీ వీపు మీది కన్నంలోకి దిగాలి. అది దిగితే ఇక జారదు. స్ప్రింగు తుపాకీకి పనికొస్తుందని చేసినవాడే పెట్టె మీద రాసి ఉండాలి, అమ్మేవాడి నోటిమాట చాలదు. అలాంటిదొకటి వచ్చింది. నల్లగా, అందం చందం లేకుండా, మా నాయనమ్మ అడ్డపొగ చుట్టలా ఉంది. వెయ్యి గుళ్లు పేల్చాను. వెయ్యి కాదు, రెండు డబ్బాలు. చుక్క చెదరలేదు.

చుక్క చుక్కలా ఉందని మాత్రం అనను. అందరికీ గుండ్రంగా కనిపించేది నా కంటికి సాగి, కింద చిన్న తోకతో, అచ్చం జీడిపండు కింద పిక్క వేలాడినట్టుంది. కళ్ల డాక్టరు కంటి వంకర వల్ల అలాగే ఉంటుంది, సైటు తప్పు కాదన్నాడు. ఇంకేం చేస్తాను, పండు వదిలేసి పిక్కతో గురి పెట్టడం నేర్చుకున్నాను. ఉద్దానంలో పుట్టినవాడికి ఇది కొత్త పనేం కాదు.

ఈ ఏడు సంబరానికి సున్నం గీత మరింత లావుగా గీశారు. నా కోసం పెట్టిన కుర్చీలో దండాసిని కూర్చోబెట్టాను. పిడత ముడి ఇప్పటికీ ఆయనే వేస్తాడు, ఎత్తి కట్టేది కొడుకులు. ముడేసి వచ్చి, వలల పక్కనే ఆ కుర్చీలో కూలబడ్డాడు. వద్దంటున్నా కమిటీ వాళ్లు శాలువా ఆయనకి కప్పేశారు.

"కుర్సీ బాగుంది బావా," అని అరిచాడు. "బేగి కొట్టు, నిద్దరొత్తంది."

కనకరాజు ఫోన్ పైకెత్తాడు. "గీత తొక్కకు పెదనాన్నా."

నేను గీతకి బెత్తెడు వెనకే నిలబడ్డాను. తుపాకీని పసిగుడ్డు తలలా చేతిలో వదిలేశాను. పిక్కని పిడత కడుపు మీద పెట్టాను. మొదటి దెబ్బకే పిడత పగిలింది. లేదు, మొదటిది దిబ్బలోకి పోయింది, కనకరాజు నిచ్చెన వైపు చూశాడు, ఆ చూపు నేను చూశాను. రెండోదానికి పగిలింది. అడుగు ఊడి, పసుపు నీళ్లు వల మీదకి ఒక్కసారిగా దిగాయి. డప్పులు మోగాయి. కనకరాజు ఫోన్ దించకుండానే, "తగిలినాది, తగిలినాది," అని గొణిగాడు. వాడి మొహంలో సంతోషమే ఉంది, అబద్ధం చెప్పను. ఆ సంతోషం చూస్తే వాణ్ణి తిట్టడం కష్టమైంది, దానికీ కోపం వచ్చింది.

నేను గీత దాటి నడిచాను. మోకాళ్లకి ఇసక ఎక్కువ దూరం. నేను చేరేసరికి పిడత మెడ ఒక్కటే తాడుకి ఊగుతోంది, దాంట్లో బొట్టు లేదు. కింద నిలబడి తలెత్తి చూశాను. వలలు తడిసి ఉన్నాయి, దండాసి శాలువా నిండా పసుపు, మీసాల మీద పసుపు.

"నాను తడిసినాను బావా," అన్నాడు. "కొట్టినోడివి, నువ్వేటి పొడిగున్నావు?"

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో ఉంది. మొహం చూడలేదు, చొక్కా చూసింది. చూసి, చేతిలోంచి తుపాకీ అందుకుని, చాలా మెత్తగా, "పోనీండి. కాళ్లు కడుక్కోండి," అంది.

"తగిలింది."

"తగిలిందా?"

"రెండోదానికి."

"మరి సొక్కా?"

మా ఇంట్లో కొట్టినవాడు పసుపుతో వస్తాడు, తప్పినవాడు తెల్లగా వస్తాడు. మూడో రకం మనిషి ఇంతవరకూ ఆ గుమ్మం ఎక్కలేదు. ఆవిడ వంటింట్లో పసుపు కలిపి తేనా అంది. అరిచాను. తేవద్దన్నాను. చొక్కా విప్పి నేనే వీధి దండెం మీద ఆరేశాను, తడవని దాన్ని. పొద్దున్నే పిక్కలు కొట్టే ముసలమ్మ కర్ర పట్టుకుని పోతూ దాన్ని చూసి, "ఈ ఏడు కూడానా బాబూ," అని జాలిగా అనేసి వెళ్లిపోయింది.

సైటు మాత్రం చెక్కుచెదరలేదు. అది నాకంటే ఎక్కువ మన్నుతుంది, ఆ విషయంలో విశాఖ ఆయనకి నా కృతజ్ఞతలు. వచ్చే ఏడు దాన్ని విప్పి ఇంట్లో పెట్టి వెళతాను. కనకరాజు టేపు పట్టుకుని ఎంత దూరాన గీసినా సరే, ఆ సున్నాన్ని మడమతో చెరిపేసి, తడిసేటంత దగ్గరికి నడిచి, అక్కడ నా గీత గీస్తాను. ఫోన్లో జనం నవ్వితే నవ్వుకోనీ. ఇందులో పెంచి చెప్పినవన్నీ ఎప్పటికప్పుడు ఒప్పేసుకున్నాను. ఈ ఆఖరి మాట మాత్రం అలా వెనక్కి తీసుకునే రకం కాదు.